మాలకొండయ్య కుడిచెయ్యి

కలువపాడు సర్కారు మందు దుకాణంలో అడిగిన సరుకు లేకపోతే, కొనడానికి వచ్చినవాడి కుడిచేతిని మణికట్టు దాకా తీసి లోపల పెట్టుకుంటారు. లోడు వచ్చాక సీసాతో పాటు తిరిగి ఇచ్చేస్తారు. ఇందులో నొప్పి లేదు, రక్తం రాదు. చెయ్యి పెట్టిన మనిషి ఎండలో నిలబడే బాధ లేకుండా తన పని తాను చూసుకోవచ్చు. దుకాణం తెరిచిన కొత్తలో జనం ఒకరి మీద ఒకరు పడి తొక్కుకుంటున్నారని, క్రమశిక్షణ కోసం పై ఆఫీసు ఈ పద్ధతి పెట్టింది. మొదట్లో కొంతమంది గొణిగారు. తర్వాత, మనిషి నిలబడటం కన్నా చెయ్యి నిలబడటమే సుఖమని అందరికీ తెలిసొచ్చింది.

దుకాణం మార్కెట్ యార్డు వెనక పాత ఎరువుల గోడౌనులో ఉంది. ముందువైపంతా ఇనప జాలి. జాలి మధ్యలో ఒక చెయ్యి పట్టేంత కంత. ఆ కంతలోంచి లోపలి మనిషి ముఖం కనపడదు, బయటి ముఖాలు లోపలికీ కనపడవు. చేతులూ గొంతులూ మాత్రమే అటూ ఇటూ తిరుగుతాయి. ఎడమచెయ్యి తీసుకోరు. దాని వేలికి ఓటు సిరా పెడతారు కాబట్టి అది ఇంకో శాఖ కిందికి వస్తుందనీ, రెండు శాఖల మధ్య ఉత్తరాలు మొదలైతే మనిషి చచ్చేలోపు తెగవనీ లోపలి గొంతు ఓపిగ్గా వివరిస్తుంది.

తీసుకున్న చేతుల్ని బీరు కోసం ఇచ్చిన ఫ్రిజ్జులో పెడతారు. బీరు వేడిగా ఉందేమని అడిగితే ఫ్రిజ్జులో చేతులున్నాయని చెప్తారు. అది నిజమే కాబట్టి అడిగినవాడు ఆ వేడి బీరే పట్టుకుపోతాడు. ఆ ఫ్రిజ్జు పొద్దస్తమానం గడగడమని చప్పుడు చేస్తూనే ఉంటుంది. పాతది కదా, అలాగే ఉంటుందని జనం అనుకుంటారు.

ఊరు కూడా సర్దుకుంది. లోడు ఆలస్యమైన రోజుల్లో సగం మంది మగవాళ్ళు చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకుని తిరుగుతారు. హోటలు వాళ్ళు దోసెను తుంచి ముక్కలు చేసి ఇవ్వడం నేర్చుకున్నారు. పెళ్ళిళ్ళలో ఎడమచేత్తో అక్షింతలు వేసినా ఎవరూ తప్పు పట్టరు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తరఫు వాళ్ళు మాత్రం అబ్బాయిని రెండు చేతులూ బల్ల మీద పెట్టమని అడుగుతున్నారు. కన్నవాళ్ళకు ఆ మాత్రం భయం ఉంటుంది.

దుకాణం సూపర్‌వైజరు పేరు హజరత్తయ్య. కాంట్రాక్టు ఉద్యోగి. ఉద్యోగంలో చేరేటప్పుడు నమ్మకం కోసం తన రెండు చేతులనూ పై ఆఫీసులో ధరావతుగా కట్టాడు. పర్మినెంటు అయ్యాక తిరిగి ఇస్తారు. అందాకా ఫ్రిజ్జులో ఉన్న చేతుల్లో ఏవో రెండు తగిలించుకుని పని నడుపుతాడు. అందువల్ల కంతలోంచి సీసా అందించే చెయ్యి రోజుకొక రకంగా ఉంటుంది. ఒకరోజు గ్రీజు మరకలతో, ఒకరోజు పచ్చబొట్టుతో, ఒకరోజు ఊడిన గోరుతో. పని ఒత్తిడిలో, తీసిన చేతిని ఏ అరలోంచి తీశాడో ఆ అరలోనే పెట్టాలంటే ఎవరికైనా కష్టమే.

బస్టాండు పక్కన సెలూను నడిపే మాలకొండయ్య తాగుబోతు కాదు. పెళ్ళిళ్ళకో చావులకో బలవంతపెడితే ఒక గుక్క వేసుకుని ముఖం చిట్లించే మనిషి. ఆయన చెయ్యి మాత్రం ఊళ్ళో పేరున్న చెయ్యి. ఆ చేతి కింద గడ్డం పెడితే నిద్ర పడుతుందని అనేవాళ్ళు. కత్తెర పట్టి పట్టి బొటనవేలికి ఒక కాయ కాసింది. పొద్దున్నే కూతురికి జడ వేసి బడికి పంపేది కూడా ఆ చెయ్యే. భార్య రవణమ్మ వేస్తే జుట్టు లాగుతుందని ఆ పిల్ల ఒప్పుకునేది కాదు.

మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకునేటప్పుడు, పోయినవాళ్ళకు బతికుండగా ఏది ఇష్టమో అది విస్తరి పక్కన పెట్టడం వాళ్ళ ఇంట్లో ఆచారం. మాలకొండయ్య తండ్రికి ఇష్టమైనది గుర్రం బొమ్మ బ్రాందీ. వేరే రకం ఆయన ముట్టుకునేవాడు కాదు. ఆ క్వార్టరు సీసా కోసం మాలకొండయ్య బయల్దేరితే రవణమ్మ అడ్డం వచ్చింది.

"ఈ ఒక్క ఏడాది మామకి టీ పెడదాంలేయ్యా. ఆ కంత కాడికి పోబాక."

"బతికున్నప్పుడే టీ తాగలా మా నాయన. చచ్చినాక తాగతాడా?"

కంత దగ్గర హజరత్తయ్య గొంతు మర్యాదగానే పలికింది.

"గుర్రం లేదన్నా. అసలు ఏదీ లేదు. లోడు రాలా."

"అమాస లోపల వస్తాదా?"

"వస్తాది. చెయ్యి పెట్టిపో."

"నేను సెలూను పనోణ్ణి సార్. కుడిచెయ్యి లేకపోతే నాకు కూడెట్టా?"

"అందరికీ పనులుండాయన్నా. మొన్న ఆపరేషను డాక్టరు గూడా పెట్టిపొయ్యాడు. వెనక జనం ఉండారు, తొందరగా కానీ."

వెనక నిజంగానే జనం ఉన్నారు. వాళ్ళ చేతులన్నీ మాలకొండయ్య భుజాల మీదుగా కంత వైపు చాచి ఉన్నాయి. తండ్రి ఆకలితో తిరిగి పోతాడన్న బెంగతో మాలకొండయ్య తన చెయ్యి లోపల పెట్టాడు. చల్లగా ఏదో తగిలినట్టయింది. వెనక్కి తీసుకుంటే మణికట్టు నున్నగా, ఎప్పుడూ అక్కడ ఏమీ లేనట్టే ఉంది. సెలూనుకు వెళ్ళి, లోడు వచ్చాక తెరవబడునని ఎడమచేత్తో వంకరటింకరగా రాసి తలుపుకు అంటించాడు.

అమావాస్య ముందురోజు లోడు వచ్చింది. కంతలోంచి ఒక సీసా, దాని వెనకే ఒక చెయ్యి బయటికి వచ్చాయి. సీసా మీద గుర్రం లేదు. సిల్వర్ తాసిల్దారు అని రాసి, కళ్ళజోడు పెట్టుకున్న మనిషి బొమ్మ ఉంది.

"గుర్రం ఏది సార్?"

"గుర్రం రాలా. తాసిల్దారు వచ్చినాడు."

"మా నాయన గుర్రం తప్ప తాగడు."

"అలవాటు చేసుకుంటాడులే అన్నా. ఊరంతా చేసుకున్నారు."

మాలకొండయ్య చెయ్యి తగిలించుకున్నాడు. అది ఇట్టే అతుక్కుంది. కానీ వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి. బొటనవేలికి కాయ లేదు. చిటికెన వేలి గోరు పెంచి ఉంది.

"సార్, ఈ చెయ్యి నాది కాదు."

"ఏళ్ళు అయిదుండాయా?"

"ఉండాయి."

"కుడిదేనా?"

"కుడిదే."

"మరింకేందన్నా. వెనకాయన రండి."

అమ్మిన సరుకూ అప్పజెప్పిన చెయ్యీ వాపసు తీసుకోబడవని జాలి మీద బోర్డు ఎప్పటినుంచో ఉంది. పై ఆఫీసుకు ఫిర్యాదు చేసుకునే వీలు మాత్రం ఉంది. ఫిర్యాదుదారు స్వయంగా కుడిచేత్తో సంతకం పెట్టాలి. మాలకొండయ్య పెట్టబోతే, ఆ చెయ్యి తనకు తెలిసిన సంతకం తాను పెట్టేసింది. ఆ సంతకం మాలకొండయ్యది కాదు గనక ఫిర్యాదు చేసిన మనిషి మాలకొండయ్య కాడని తేల్చి కాగితం తిప్పి పంపారు.

అమావాస్య నాడు ఆ చేత్తోనే తండ్రికి విస్తరి వేశాడు. సీసా మూత తీసి పక్కన పెట్టాడు. కాకి వచ్చి గోడ మీద వాలింది. విస్తరి వంక చూసింది, సీసా వంక చూసింది, ఆయన చేతి వంక చాలాసేపు చూసింది. ముట్టకుండానే ఎగిరిపోయింది. రవణమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ చెయ్యి మాత్రం సీసా దగ్గరనుంచి కదలడం లేదు.

ఆ మర్నాడు పొద్దున సెలూను తెరిచాడు. మొదట వచ్చి కూర్చున్నది రిటైరైన కరణం గారు. మెడ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. మాలకొండయ్య నురగ పూసి కత్తి ఎత్తాడు. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు, తర్వాత కత్తి. ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నా ఆగలేదు. కత్తి మొన కరణం గారి గొంతు మీద అటూ ఇటూ ఆడింది. కత్తి కింద పడేసి, నీళ్ళు తెస్తానని చెప్పి వెనక సందులోంచి ఇంటికి పారిపోయాడు.

పెద్దలకు పెట్టిన సీసా ఇంట్లో మిగిలే ఉంది. దాన్ని ఏటా పంచుకుని తాగేవాళ్ళు, ఈసారి కాకి ముట్టలేదని అలాగే ఉంచేశారు. మాలకొండయ్య వంటింట్లో నిలబడి ఉండగా ఆ చెయ్యి తనంతట తాను అల్మారా తలుపు తీసింది. మూత తిప్పింది. సీసాను ఆయన నోటిదాకా తెచ్చింది. ఆయన పళ్ళు బిగించాడు. చెయ్యి తొందరపడలేదు, అలవాటైన పనిలా మెల్లిగా పెదాలు తెరిపించి పోసింది. కాసేపటికి వణుకు ఆగిపోయింది. తిరిగి వెళ్ళి కరణం గారి గడ్డం చిన్న గీటు కూడా పడకుండా గీశాడు.

రవణమ్మకు భయం అప్పుడే పట్టుకుంది. మొగుడు పడుకుంటే ఆ చెయ్యి మీద తువ్వాలు కప్పేది. తువ్వాలు కింద వేళ్ళు కదులుతుంటే ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుగా ఉండేది ఆమెకు. కూతురు దువ్వెన తీసుకుని తండ్రి దగ్గరికి వెళ్ళడం మానేసింది. జుట్టు లాగినా సరే అమ్మే వెయ్యాలని పట్టుబట్టింది.

ఆ చెయ్యి ఎవరిదో రేషను దుకాణంలో తెలిసింది. బియ్యం కోసం మిషను మీద మాలకొండయ్య బొటనవేలు పెట్టాడు. మిషను ఒక పేరు చూపించింది. డీలరు కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"ఈ ఏలు చెంచురామయ్యదంట. పడమటి వీధి. మనిషి పొయ్యాడని చూపిస్తా ఉండాది."

"నేను ఉండా గదన్నా, నీ ఎదరే."

"నువ్వుండావులే. ఏలు పోయింది. పోయినోళ్ళకి బియ్యం రావు."

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఖాళీ సంచితో పడమటి వీధికి వెళ్ళారు. చెంచురామయ్య భార్య కామాక్షమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఇంట్లో మనిషి పోయిన ఏడాది ముగ్గు వెయ్యరు కాబట్టి వాకిట్లో పిండి గీతలు లేవు. కానీ గుమ్మం ముందు గచ్చు మీద ఎప్పుడో రంగుతో వేసిన ముగ్గు ఒకటి ఉంది. దాని గీతలన్నీ వంకరలు పోయి ఉన్నాయి. ఇంత వంకరగా ఎందుకు వేసిందా అని రవణమ్మ దాన్ని దాటుతూ అనుకుంది.

మాలకొండయ్య నమస్కారం పెడదామని రెండు చేతులూ పైకెత్తాడు. కామాక్షమ్మ చటుక్కున వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయింది. మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది. చింతపండు చేట బోర్లా పడింది. చాలాసేపటికి గానీ ఆమె మోచెయ్యి దించలేదు.

"ఆ చెయ్యి వెనక్కి పెట్టుకో అన్నా," అంది. "అప్పుడు మాట్లాడతా."

మాలకొండయ్య చేతిని వీపు వెనక పెట్టుకున్నాడు. రవణమ్మ చింతపండు ఎత్తుతూ సంగతి చెప్పింది. కామాక్షమ్మ అంతా విని, తనకు తెలిసింది చెప్పింది.

"ఆయన పొయ్యేనాటికి చెయ్యి ఆ దుకాణంలోనే ఉన్నింది. లోడు కోసం ఎదురు చూస్తా చూస్తానే పొయ్యాడు. చెయ్యి లేకుండా కట్టె మీద పెట్టగూడదన్నారు పెద్దోళ్ళు. మా మరిది పోయి అడిగితే ఒకటి ఇచ్చినారంట."

"చూసుకోలేదా అక్కా? అది మా ఆయనది."

"చూశా. బొటనవేలికి కాయ ఉన్నింది. మా ఆయనకి ఏ పనీ చేసిన కాయ లేదు." కామాక్షమ్మ చేటలోంచి ఒక గింజ ఏరి పక్కన పెట్టింది. "కానీ అది మెత్తగా ఉన్నిందమ్మే. నా చేతిలోకి తీసుకున్నా భయమెయ్యలా. పొయ్యేటప్పుడన్నా ఆయన పక్కన అట్టాంటి చెయ్యి ఉంటే బాగుంటదనుకున్నా. నోరు మూసుకున్నా. తప్పయింది."

రవణమ్మకు ఆమె మీద కోపం రావలసింది. రాలేదు. తన మొగుడి చెయ్యి కాలిపోయిందన్న మాట ఒక్కటే చెవుల్లో తిరుగుతోంది. మాలకొండయ్య మాత్రం వీధిలోకి వచ్చాక నడిరోడ్డు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కళ్ళు తుడుచుకోబోతే చెంచురామయ్య చెయ్యి వచ్చింది. దాన్ని దించేసి ఎడమచేత్తో తుడుచుకున్నాడు.

ఇద్దరూ తిన్నగా దుకాణానికి వెళ్ళారు. హజరత్తయ్య అంతా సానుభూతితో విన్నాడు. అతను చెడ్డవాడు కాదు. కాలిపోయిన చేతికి దుకాణం బాధ్యత లేదనీ, అది బయటికి వెళ్ళిన తర్వాత కాలింది గనక వాడకం కింద లెక్కనీ చెప్పాడు. ఐతే ఉన్న చేతిని తిరిగి లోపల పెట్టి, ఎవరూ అడగని చేతుల్లోంచి వేరేది తీసుకునే అవకాశం ఇస్తానన్నాడు.

"వణకని చెయ్యి ఏదన్నా ఉంటే చూడు సార్," అన్నాడు మాలకొండయ్య. "పాతదైనా పరవాలేదు."

లోపల ఫ్రిజ్జు తలుపు తెరిచిన చప్పుడైంది. గడగడమనే మోత ఒక్కసారిగా పెరిగింది. అరల మీద ఏవో అన్నీ కలిసి కొట్టుకుంటున్నట్టు వినపడింది. రవణమ్మ కంతలోకి వంగి చూసింది. చీకట్లో ఫ్రిజ్జు వెనక వైరు చుట్ట చుట్టి మేకుకు తగిలించి ఉంది.

"దానికి కరెంటు లేదు గదన్నా?" అంది ఆమె.

"లేదమ్మా. వచ్చినకాడి నుంచీ కనెక్షను ఇయ్యలా."

"మరి ఆ చప్పుడేంది?"

"చేతులమ్మా," అని హజరత్తయ్య తలుపు వేసేశాడు. "వణకని చెయ్యి ప్రస్తుతానికి స్టాకు లేదు. లోడులో రావచ్చు."

ఆ తర్వాత మాలకొండయ్య జీవితం ఒక పద్ధతికి వచ్చింది. పొద్దున లేస్తూనే చెయ్యి వణుకుతుంది. దుకాణం తెరిచేది ఎండెక్కాక. అందాకా సెలూను తెరవడానికి లేదు. తెరిచే వేళకు చెయ్యి ముందు, మనిషి వెనక అన్నట్టుగా వీధిలో పోతుంటాడు. తాసిల్దారు ఒక క్వార్టరు లోపలికి దిగితే చెయ్యి రాయిలా నిలబడుతుంది. మొదట్లో ఆయన సిగ్గుపడి సందులో తాగేవాడు. గిరాకీ వాళ్ళే ఆ సిగ్గు మాన్పించారు. ప్రాణభయం ఎవరికైనా ఉంటుంది. కుర్చీలో కూర్చుని, కత్తి ఎత్తకముందే, "వేసుకున్నావా?" అని అడిగేవాళ్ళు. వేసుకోలేదంటే మెడ మీది గుడ్డ తీసేసి లేచేవాళ్ళు. కరణం గారైతే ఒకరోజు తన కళ్ళెదుటే తాగించి, వణుకు ఆగిందో లేదో అద్దంలో చూసుకుని, అప్పుడు గొంతు అప్పజెప్పారు. గిరాకీ తగ్గలేదు. పెరిగిందని కూడా చెప్పాలి.

ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళకు నీరు వచ్చింది. ఒకరోజు అన్నంలో ఉప్పు ఎక్కువైందని చెయ్యి కంచం విసిరింది. ఇంకోరోజు రవణమ్మ చెంప మీద పడింది. మాలకొండయ్య వెంటనే ఆ చేతిని తలుపు సందులో పెట్టి నొక్కుకున్నాడు. నొప్పి ఆయనకే తెలిసింది. "అది నేను కాదే, ఒట్టు," అని ఏడిచాడు. రవణమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసినా చెంప మండుతూనే ఉంది. ఆ రోజునుంచి ఆయన ఏదైనా అందుకోవడానికి చెయ్యి చాస్తే ఆమె మోచెయ్యి దానంతట అదే ముఖానికి అడ్డం లేచేది.

ఒక వారం లోడు రాలేదు. మాలకొండయ్య మంచం మీద ఒళ్ళంతా వణుకుతూ పడుకుని ఉన్నాడు. గోడమీద తేళ్ళు పాకుతున్నాయంటున్నాడు. డబ్బాలో బియ్యం అడుగంటాయి. ఏ సీసా చూస్తే తనకు ఒళ్ళు జలదరిస్తుందో ఆ సీసా కోసం రవణమ్మ దుకాణానికి బయల్దేరింది. మగవాళ్ళు ఆమెను చూసి దారి ఇచ్చారు.

"మా ఆయనకి తాసిల్దారు కావాలన్నా."

"లోడు రాలేదమ్మా. చెయ్యి పెట్టిపో. రాంగానే మొదట నీకే ఇస్తా."

"ఆడోళ్ళది గూడా తీసుకుంటారా?"

"వద్దని ఎక్కడా లేదు."

రవణమ్మ కుడిచెయ్యి కంతలో పెట్టింది. ఒక క్షణం లోపల ఆగింది.

"గాజులు లెక్కలో రావమ్మా. తీసి ఇచ్చేస్తుండా, జాగ్రత్త చేసుకో," అంది హజరత్తయ్య గొంతు. ఎర్ర మట్టి గాజులు ఒక్కొక్కటే కంతలోంచి బయటికి వచ్చాయి. రవణమ్మ వాటిని ఎడమచేత్తో పట్టుకుని కొంగులో వేసుకుంది. ముడి వేసుకోవడం ఒంటిచేత్తో రాలేదు. అటుగా పోతున్న కామాక్షమ్మ ఆగి, ఏమీ అడగకుండా, ఆ ముడి వేసి పెట్టింది.

"పగలకుండా పెట్టుకో," అని మాత్రం అంది.

లోడు వచ్చిందన్న కబురు ముందు మాలకొండయ్య చేతికే తెలిసింది. రవణమ్మకు చెప్పకుండానే అది ఆయన్ని మంచం మీదనుంచి లేపి దుకాణం దాకా లాక్కెళ్ళింది. ఆయన కంతలో చెయ్యి పెట్టాడు. లోపలినుంచి ఒక చెయ్యి సీసా పట్టుకుని వచ్చింది. చిన్న చెయ్యి. మణికట్టు చుట్టూ గాజుల ఒరిపిడి మచ్చ. చూపుడువేలి మీద అప్పడాలు వేయించేటప్పుడు నూనె చిట్లిన గుర్తు.

మాలకొండయ్య సీసా అందుకోలేదు. ఎడమచేత్తో ఆ చేతిని పట్టుకున్నాడు. అది ఆయన్ని గుర్తుపట్టినట్టు వేళ్ళు ముడుచుకుంది.

"ఇది మా ఇంటిది సార్. ఇచ్చెయ్యి, తీసకపోతా."

"పెట్టినోళ్ళే రావాలన్నా. నీకిస్తే రేపు ఇంకోరు వచ్చి గొడవ పెట్టుకుంటారు. ఒకసారి ఏమైందో నీకు తెలవదా? వదులు. వెనక జనం ఉండారు."

మాలకొండయ్య వదలకూడదనుకున్నాడు. కానీ చెంచురామయ్య చెయ్యి అప్పటికే సీసా లాక్కుని మూత తిప్పుతోంది. ఆ రోజంతా కలువపాడులో సీసా కొన్న ప్రతివాడికీ రవణమ్మ చెయ్యే అందించింది. ఎంత మర్యాదగా ఇస్తోందోనని కొందరు మెచ్చుకున్నారు.

సాయంత్రం రవణమ్మ వెళ్ళి తన చెయ్యి తెచ్చుకుంది. అక్కడున్న వాటిలో ఆడచెయ్యి అదొక్కటే కాబట్టి పొరపాటు జరిగే వీలు లేకపోయింది. నూనె గుర్తు సరిచూసుకుంది, వేళ్ళు ముడిచి తెరిచి చూసుకుంది. అన్నీ తనవే. ఇంటికి వచ్చి గాజులు వేసుకుంది. సేవలో లోపమేమీ లేదని దుకాణం వాళ్ళు చెప్పగలిగిన లావాదేవీ ఆ ఏడాది అదొక్కటే అయి ఉంటుంది.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గుపిండి తీసుకుంది. చుక్కలు పెట్టింది. గీత లాగబోతే పిండి అటూ ఇటూ రాలింది. చేతిని రెండోచేత్తో పట్టుకుని మళ్ళీ లాగింది. గాజులు గలగలమంటూనే ఉన్నాయి. లోపల మొగుడు మంచం మీద కదిలిన చప్పుడైంది. గీత ఇంకా వంకరపోయింది. పడమటి వీధిలో గచ్చు మీద చూసిన ముగ్గు ఆమెకు గుర్తొచ్చింది. ఆ వంకరల్లోనే ముగ్గు పూర్తి చేసి లేచింది.

అప్పుడు తలెత్తి వీధి పొడుగునా చూసింది. ఎదురింటి ముందు, ఆ పక్కింటి ముందు, మలుపు దాకా ముగ్గులన్నీ అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ రోజూ దాటి నడుస్తున్నా ఆమె చూడలేదు. ఎదురింటావిడ పిండి గిన్నె పట్టుకుని నిలబడి రవణమ్మ వాకిలి వంక చూసింది.

"నీకు గూడా వచ్చేసిందే మా ముగ్గు," అని నవ్వి, లోపల ఎవరో పిలిస్తే ఉలిక్కిపడి వెళ్ళిపోయింది.

రవణమ్మ చెయ్యి కడుక్కుని, కూతురికి జడ వెయ్యడానికి లోపలికి నడిచింది.